పల్లెల్లో బతుకు లెక్క: మన చిన్న సర్వేను జాతీయ సర్వేల పక్కన పెట్టాలంటే ప్రశ్నలు ఎలా ఉండాలి?

జీడితోట
అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇంటి ఖర్చు, వసతుల సర్వే కోసం 12 ఊళ్లు ఎంచుకున్నాం. ఊరికి 18 ఇళ్లు, మొత్తం 216. తిరగడానికి డిగ్రీ విద్యార్థులు 10 మంది ఉన్నారు, గడువు 8 వారాలు. ముసాయిదాలో ప్రశ్నలు ఇవీ: నెల ఆదాయం ఎంత, ఇంటి ఖర్చు నెలకు ఎంత, ఇల్లు పక్కానా కచ్చానా, మరుగుదొడ్డి ఉందా, తాగునీరు ఎక్కడిది, ఇంట్లో ఏమేం సామాన్లు ఉన్నాయి. రెండు పేజీల్లో అయిపోతుంది. వచ్చిన తలసరి ఖర్చును గృహ వినియోగ వ్యయ సర్వేలో మన రాష్ట్ర గ్రామీణ సగటు పక్కన పెట్టి చూపాలని ఆలోచన. 2022-23లో అది నెలకు 4,870 రూపాయలు, 2023-24లో 5,327. ఈ ముసాయిదా సరిపోతుందా, ఇంకేమైనా చేర్చాలా?

లెక్కల మాస్టారు
చేర్చడం తర్వాత, ముందు తీసేయాల్సింది ఒకటుంది. "ఇంటి ఖర్చు నెలకు ఎంత" అన్న ఒక్క ప్రశ్నతో వచ్చే అంకెను 4,870 పక్కన పెట్టకూడదు. పేరు ఒకటే గానీ అవి రెండూ వేరు వస్తువులు.

ఆ 4,870 ఎలా వచ్చిందో చూడండి. 2022-23 సర్వేలో 405 వస్తువుల జాబితా ఉంది (2011-12లో 347). ఆహారానికి ఒక ప్రశ్నాపత్రం, సబ్బు, కరెంటు, బడి ఫీజు, వైద్యం లాంటి వాటికి ఇంకొకటి, మన్నికైన సామాన్లకు మరొకటి. ఒకే ఇంటికి మూడు వరుస నెలల్లో మూడుసార్లు వెళ్లి, ఒక్కో రాకలో ఒక్కో పత్రం నింపారు. పత్రాల వరుస అన్ని ఇళ్లకూ ఒకటి కాదు, మార్చి మార్చి అడిగారు. అన్నీ ఒకే దఫాలో అడిగితే చివరి పేజీలకు వచ్చేసరికి ఆ ఇల్లాలు "అంతే బాబూ, ఇంకేటీ లేదు" అనేస్తుంది. అది నిజమో, విసుగో పత్రం చూసి చెప్పలేం.

గుర్తుచేసుకునే గడువు కూడా వస్తువును బట్టి మారుతుంది. నూనె, గుడ్లు, చేపలు, మాంసం, కూరలు, పళ్లు, మసాలాలు, టీ టిఫిన్లు, పొగాకు, మద్యం: గత 7 రోజులు. బియ్యం, పప్పులు, పంచదార, ఉప్పు, పాలు: గత 30 రోజులు. బట్టలు, చెప్పులు, చదువు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు, మన్నికైన సామాన్లు: గత 365 రోజులు.

ఒక్క ముక్కలో "నెలకెంత" అంటే జనం చెప్పేది కిరాణా కొట్టు ఖాతా, కరెంటు బిల్లు, పాలవాడి లెక్క. పెరట్లో కాసిన కొబ్బరి, పొలంలో పండిన బియ్యం, సంతలో కొన్న ఎండు చేపలు, సంక్రాంతి బట్టలు అందులో ఉండవు. అంకె తక్కువగానే వస్తుంది. అది చూసి "ఉద్దానం రాష్ట్ర సగటులో సగమే" అని పత్రికకెక్కిస్తే తప్పు ఉద్దానానిది కాదు, ప్రశ్నది.

నాగావళి ఒడ్డు
మాస్టారూ, మీరు చెప్పింది పుస్తకానికి బాగుంటుంది. 10 మంది కుర్రాళ్లతో 405 వస్తువులు, మూడు రాకలు ఎక్కడ సాధ్యం? ఓ 60, 70 ముఖ్యమైన వస్తువులు ఏరుకుని ఒక్క రాకలో తేల్చేయొచ్చు. ఖర్చులో ఎక్కువ భాగం ఎలాగూ బియ్యం, నూనె, చేపలు, చదువు, వైద్యంలోనే ఉంటుంది.

లెక్కల మాస్టారు
సాధ్యమో కాదో అంకెలతోనే చూద్దాం. 216 ఇళ్లు, మూడు రాకలు: 648 ముఖాముఖీలు. ఒక్కొక్కరు రోజుకు మూడు చేస్తే పది మంది కలిసి 30. ఒక విడత పూర్తవడానికి 7, 8 రోజులు చాలు. మొదటి విడత 1 నుంచి 8వ రోజు వరకు, రెండోది 24 నుంచి 31, మూడోది 47 నుంచి 54. ఎనిమిది వారాల్లో పడుతుంది. దానికి ముందు శిక్షణకు 5 రోజులు, ఇళ్ల జాబితా తయారీకి ఇంకో 5, 6 రోజులు పెట్టుకోవాలి. అంటే మొత్తం పది వారాలు. పరీక్షల తేదీలతో తగువు రాకుండా చూసుకోండి.

జాబితా కుదించడం గురించి: పెద్ద జాబితాలో వస్తువు పేరు వినగానే గుర్తొస్తుంది. "ఇతర కూరలు" అని ఒక్క వరుస పెడితే ఆనపకాయ, చిక్కుడు, తోటకూర అన్నీ కలిపి ఒక అంకె గాల్లోంచి చెబుతారు. చిన్న జాబితాతో వచ్చే మొత్తం పెద్ద జాబితా కంటే తక్కువే వస్తుంది. ఇది ఒక్క మన దేశంలోనే కాదు, పరీక్షించిన చాలా చోట్ల కనిపించిన సంగతి. కుదించదలిస్తే కుదించండి, ఊళ్ల మధ్య తేడా చూసుకోడానికి పనికొస్తుంది. రాష్ట్ర సగటు పక్కన మాత్రం పెట్టకండి.

గడువు మార్చితే ఏమవుతుందో మన దేశంలో పెద్ద పాఠమే ఉంది. 1999-2000 నాటి జాతీయ నమూనా సర్వే 55వ విడతలో ఆహారానికి 7 రోజులు, 30 రోజులు అని రెండు గడులు ఒకే పత్రంలో పక్కపక్కన పెట్టారు. జవాబు చెప్పేవాళ్లూ రాసేవాళ్లూ ఒకదాన్ని చూసి రెండోది సరిచేసుకున్నారన్న అనుమానం వచ్చింది. పేదరికం నిజంగా ఎంత తగ్గిందన్న దానిపై ఏళ్ల తరబడి అర్థశాస్త్రజ్ఞులు వాదించుకున్నారు. కాబట్టి కుర్రాళ్లు "నెలకు చెప్పండి, వారానికి నేను భాగిస్తాను" అనకూడదు. 7 రోజులంటే 7 రోజులే.

పొందూరు పడుగు
లెక్కగట్టే తీరు చెబుతాను, దీంట్లోనే ఎక్కువ తప్పులు దొర్లుతాయి.

7 రోజుల ఖర్చును 30తో గుణించి 7తో భాగించాలి. చేపలకు వారంలో 240 అయితే నెలకు 1,029. నాలుగుతో గుణిస్తే 960 వస్తుంది, 69 రూపాయలు పోయినట్టే. 365 రోజుల ఖర్చును 30తో గుణించి 365తో భాగించాలి. బట్టలకు ఏడాదికి 14,600 అయితే నెలకు 1,200.

మూడు రాకల్లో ఇంట్లో మనుషుల సంఖ్య మారొచ్చు. మొదటి రాకకు ఐదుగురు, మూడో రాకకు కొడుకు పనికెళ్లిపోయి నలుగురు. అందుకే ప్రతి పత్రంలోనూ మనుషుల సంఖ్య విడిగా రాసుకోవాలి. ఆహార ఖర్చును ఆహారం అడిగిన నాటి సంఖ్యతో, సామాన్ల ఖర్చును సామాన్లు అడిగిన నాటి సంఖ్యతో భాగించి, ఆ తలసరి అంకెలను కూడాలి. ముందు అన్నీ కూడేసి చివర్లో ఒకే సంఖ్యతో భాగించకండి.

ఆహారం, వంటచెరకు దగ్గర అడగాల్సింది ఎంత కొన్నారని కాదు, ఎంత వాడారని. సంతలో రెండు కిలోల ఉల్లిపాయలు కొన్నారు, వారంలో కిలో అయింది. కిలోకే వెల. మంచం, మిక్సీ, బండి లాంటివాటికి మాత్రం కొన్న ఖర్చు.

ఇంట్లో పండింది ఊరికే వచ్చినట్టు కాదు, దానికీ వెల కట్టాలి. అదీ కొట్టు ధర కాదు, కళ్లం దగ్గర పలికే ధర. 75 కిలోల ధాన్యం బస్తాకు మిల్లులో వంద కిలోలకు 67 చొప్పున లెక్కేస్తే సుమారు 50 కిలోల బియ్యం. "నెలకో బస్తా" అని చెప్పినప్పుడు ధాన్యం బస్తానా, మరాడించిన బియ్యం బస్తానా, కొట్టులో కొన్న 25 కిలోల సంచా అని తప్పనిసరిగా అడగాలి.

కొలతల సంగతి. కుంచం, అడ్డెడు, మానెడు, తవ్వెడు, సోలెడు అని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. కుంచం ఊరికో తీరు, ఇంటికో తీరు. కుంచానికి ఇన్ని కిలోలని పత్రంలో ముందే అచ్చేయకండి. ఒక్కో జట్టుకు 5 కిలోల స్ప్రింగు తక్కెడ ఇవ్వండి. వాళ్ల కుంచంతోనే బియ్యం, చోళ్లు (రాగులు), కందులు విడివిడిగా తూచాలి, ఒకే పాత్రలో మూడింటి బరువూ ఒకటి కాదు. నూనె లీటరు ప్యాకెట్ బరువు 910 గ్రాములు. పత్రం అడిగేది కిలోలా, లీటర్లా అని చూసి రాయాలి. గ్యాసు బండ 14.2 కిలోలు, 45 రోజులు వస్తే 30 రోజులకు 9.47 కిలోలు.

చంపావతి
ఖర్చు కంటే ముందు "ఇల్లు" అంటే ఏమిటో తేల్చుకోకపోతే మిగతాదంతా వృథా. జాతీయ నమూనా సర్వేల్లో కుటుంబం అంటే మామూలుగా కలిసి ఉంటూ ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లు. ఒకే పెంకుటింట్లో అన్నదమ్ములు రెండు పొయ్యిలు పెట్టుకుంటే అవి రెండు కుటుంబాలు. రేషన్ కార్డు ఒకటే ఉన్నా సరే. మన కుర్రాళ్లు కార్డు చూసి రాసేస్తారు, అక్కడే బోల్తా.

మీ మూడు మండలాల్లో అసలు చిక్కు వలస. వేటకు గుజరాత్ రేవులకు వెళ్లినవాళ్లు, హైదరాబాద్, చెన్నైల్లో పనికి ఉన్నవాళ్లు, గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు. ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ కాలంగా బయట ఉన్నవాణ్ణి ఇంటి మనుషుల్లో లెక్కించకూడదు. అతను పంపిన డబ్బుతో ఇంట్లో జరిగిన ఖర్చు మాత్రం లెక్కలోకి వస్తుంది. ఐదుగురిలో ఇద్దరు బయట ఉంటే భాగించేది మూడుతో. పొరపాటున ఐదుతో భాగిస్తే తలసరి అంకె నలభై శాతం తగ్గుతుంది. ఈ ఒక్క గడి తప్పయితే 405 వస్తువులు ఒళ్లొంచి అడిగిన శ్రమంతా బూడిదలో పన్నీరే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దారి కొంచెం వేరు. అందులో మామూలుగా ఉండేవాళ్లతో పాటు నిన్న రాత్రి ఆ ఇంట్లో పడుకున్నవాళ్లనూ రాసుకుంటారు. ఏ సర్వేతో పోలుస్తారో దాని నిర్వచనమే వాడండి. రెండూ కలిపి కొత్తది వండకండి.

కూలీలకు పెట్టిన భోజనం, చుట్టాలకు పెట్టిన భోజనం పెట్టినవాళ్ల ఖాతాలోనే పడతాయి, తిన్నవాళ్ల ఖాతాలో కాదు. అందుకే ఊడ్పుల రోజుల్లో రైతు ఇంట బియ్యం ఎక్కువ కనిపిస్తుంది. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం వారంలో అడిగితే చేపలు, మాంసం, టిఫిన్ల లెక్క ఎగిరిపోతుంది. అది తప్పు సమాధానం కాదు. తిన్న నోళ్లు ఎక్కువ, భాగించే తలలు తక్కువ. అతిథుల భోజనాలు ఎన్నో పక్కన ఒక గడిలో రాసుకుంటే తర్వాత అర్థమవుతుంది.

వంశధార గట్టు
ఇల్లు పక్కానా కచ్చానా అని జవాబు చెప్పేవాణ్ణి అడగొద్దు. గోడ దేంతో, కప్పు దేంతో, నేల దేంతో అని మూడు గడులు పెట్టి కళ్లతో చూసి రాయాలి. వర్గీకరణ తర్వాత కంప్యూటర్లో చేసుకోవచ్చు. ఎందుకంటే ఒకే ఇల్లు ఒక సర్వేలో పక్కా, ఇంకోదాంట్లో సగం పక్కా.

నమూనా సర్వేల లెక్కలో గోడ, కప్పు రెండూ పక్కా సామగ్రి అయితే పక్కా, ఒకటే అయితే సగం పక్కా, రెండూ కాకపోతే కచ్చా. కాల్చిన ఇటుక, రాయి, సిమెంటు, పెంకు, ఇనుప రేకు, ఆస్బెస్టాస్ రేకు అన్నీ పక్కా కిందే. మట్టి, పచ్చి ఇటుక, వెదురు, తాటాకు, గడ్డి పక్కా కావు. నేల ఊసే లేదు. కుటుంబ ఆరోగ్య సర్వేలో పక్కా అనాలంటే నేల కూడా బాగుండాలి. ఇటుక గోడ, పెంకుల కప్పు, పేడ అలికిన మట్టి నేల ఉన్న ఇల్లు మొదటి లెక్కలో పక్కా, రెండో లెక్కలో సగం పక్కా. మట్టి గోడల పెంకుటిల్లు రెండింట్లోనూ సగమే.

ఇంకొకటి గమనించండి. రేకుల కప్పు పక్కా అయిపోవడం వల్ల తుఫాను తర్వాత పూరిల్లు పోయి రేకుల షెడ్డు వేసుకున్న కుటుంబం అంకెల్లో "మెరుగుపడినట్టు" కనిపిస్తుంది. తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. తాగునీరు, పారిశుధ్యం, గృహవసతిపై 76వ విడత సర్వే జరిగింది 2018 జూలై నుంచి డిసెంబరు దాకా. అంటే అదే విడతలో మన తీరపు ఊరు తుఫానుకు ముందు సెప్టెంబరులో నమూనాకు వస్తే ఒకలా, తర్వాత నవంబరులో వస్తే ఇంకోలా ఉంటుంది. అలాంటి ఏడాది అంకెను పట్టుకుని జిల్లా గురించి తీర్పులు చెప్పకూడదు.

మరుగుదొడ్డికి మూడు ప్రశ్నలు కావాలి: అందుబాటులో ఉందా, ఇంకో కుటుంబంతో పంచుకుంటున్నారా, ఇంట్లో ఎవరెవరు వాడుతున్నారు. ఆరోగ్య సర్వేలో పంచుకునే దొడ్డి "మెరుగైన పారిశుధ్యం" కిందికి రాదు. "ఉందా" అని ఒక్కటే అడిగితే కట్టెలు, కొబ్బరి మట్టలు నింపిన గది కూడా మరుగుదొడ్డి అయిపోతుంది.

తాగునీరు ఉద్దానంలో సున్నితమైన విషయం. తాగడానికి, వంటకు, వాడకానికి మూడు వేరు మూలాలు ఉంటాయి. తాగడానికి ఆర్వో క్యాను, వంటకు కుళాయి, మిగతా వాటికి బోరో, నుయ్యో. "నీళ్లు ఎక్కడివి" అంటే ఏదో ఒకటి చెబుతారు. తాగునీటి ముఖ్య మూలం ఒక్కటి, వంటకు ముఖ్య మూలం ఇంకొకటి అని విడగొట్టండి. వెళ్లి రావడానికి పట్టే నిమిషాలు కూడా అడగాలి, నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీలో 30 నిమిషాలు గీత. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి నీళ్లు తెచ్చే పథకం మొదలయ్యాక ఊరికి కుళాయి రావడం ఒకటి, ఆ నీళ్లే తాగడం ఇంకొకటి. అదే మీ సర్వేకు అసలు సిసలైన ప్రశ్న అవుతుంది.

జీడితోట
మాట వెనక్కి తీసుకుంటున్నాను, రెండు పేజీల్లో అయ్యే పని కాదిది. ఆదాయం ప్రశ్న కూడా తీసేస్తున్నాను, జీడితోటల లెక్క ఏడాదికోసారి వస్తుంది, దాన్ని నెలకు చెప్పమంటే ఎవరు చెప్పగలరు. మూడు రాకలకే సిద్ధపడుతున్నాం. కానీ ఉచితంగా వచ్చేవాటిని ఏం చేయాలి? రేషన్ బియ్యం, బడిలో మధ్యాహ్న భోజనం, దీపం పథకం గ్యాసు బండలు, తల్లుల ఖాతాలో పడే డబ్బు.

పొందూరు పడుగు
ఒక్కోటీ ఒక్కో దారి.

ఖాతాలో పడే డబ్బు వినియోగం కాదు. దాంతో పుస్తకాలు కొంటే పుస్తకాల దగ్గర, బియ్యం కొంటే బియ్యం దగ్గర తేలుతుంది. దానికి విడిగా వరుస పెడితే రెండుసార్లు లెక్కించినట్టు.

రేషన్ బియ్యానికి పరిమాణం రాయాలి, చెల్లించింది సున్నా అని రాయాలి. ఖాళీ వదలకూడదు. ఖాళీ అంటే అడగలేదనీ అర్థం రావచ్చు, సున్నా అంటే ఉచితమని. 2022-23 నుంచి జాతీయ సర్వే ఫలితాలను రెండు రకాలుగా ఇస్తున్నారు: ఉచితంగా వచ్చినవాటికి వెల కట్టకుండా ఒకటి, కట్టి ఇంకొకటి. 2023-24లో దేశ గ్రామీణ సగటు కట్టకుండా 4,122, కడితే 4,247. ఉచిత వైద్యం, ఉచిత చదువులకు మాత్రం వెల కట్టలేదు. మీ రిపోర్టులో ఏ అంకె వాడారో మొదటి పేజీలోనే రాయండి. మీరు చెప్పిన 4,870 వెల కట్టని అంకె.

ఇంకో చిక్కు, అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనరు. రేషన్ బియ్యం కొందరు తినరు, అమ్మేస్తారు, లేదా కోళ్లకు వేస్తారు. "ఎన్ని కిలోలు వచ్చాయి" అన్నదానికి కార్డు లెక్క చెబుతారు. మనకు కావాల్సింది "వచ్చినదాంట్లో వండుకున్నది ఎంత". అడిగే కుర్రాడి ముఖంలో తనిఖీ అధికారి కనిపిస్తే నిజం రాదు.

దీపం బండకు ముందు డబ్బు కట్టి తర్వాత ఖాతాలో వెనక్కి వస్తుంది. రెండు గడులు పెట్టండి: కట్టింది, తిరిగి వచ్చింది. తర్వాత ఎలా కావాలంటే అలా లెక్కేసుకోవచ్చు.

వంటచెరకు మరిచిపోకండి. గ్యాసు ఉన్న ఇళ్లలోనూ టీ గ్యాసు మీద, అన్నం కట్టెల పొయ్యి మీద. ముఖ్య ఇంధనం ఏదన్న ప్రశ్నతో పాటు గత 30 రోజుల్లో ఏమేం మండించారని అడగాలి. ఏరుకొచ్చిన పుల్లలకూ, కొబ్బరి మట్టలకూ ఊళ్లో అమ్ముడుపోయే ధర కట్టాలి.

గోస్తనీ
నమూనా గురించి ఎవరూ మాట్లాడలేదు. 12 ఊళ్లు "ఎంచుకున్నాం" అన్నారు, ఎలా? రోడ్డు పక్కవీ, తెలిసినవాళ్లు ఉన్నవీ ఎంచుకుంటే ఇక ఎంత జాగ్రత్తగా తూచినా లాభం లేదు. మూడు మండలాల గ్రామాల జాబితా పెట్టి, జనాభాకు తగ్గ అవకాశం ఇచ్చి తీయండి.

ఊళ్లోకి వెళ్లాక మొదటి పని ఇళ్ల జాబితా. పంచాయతీ ఇంటిపన్ను పుస్తకం నకలు చేయొద్దు. 2011 జనగణన తర్వాత ఊరి బయట వెలసిన కాలనీలు, తోటల్లో కాపలా గుడిసెలు, చెరువు గట్టు మీది నాలుగిళ్లు అందులో ఉండవు. అసలు పేదలు దొరికేది అక్కడే. ఊరి ఒక మూల నుంచి వరుసగా నడుస్తూ ప్రతి గడపకూ అంకె వేయాలి. ఆ జాబితాలోనే పొలం ఎంత, కారు ఉందా అని రెండు ముక్కలు అడిగి పెట్టుకోండి. జాతీయ సర్వేలో గ్రామాల్లో భూమినీ, పట్టణాల్లో కారునూ ఆధారం చేసుకుని ఇళ్లను అంతస్తులుగా (కలిమిని బట్టి గుంపులుగా) విడగొట్టి తీస్తారు. లేకపోతే కలిగిన ఇళ్లు ఒక్కటీ నమూనాలో పడకపోవచ్చు.

తీసే పద్ధతి: 214 ఇళ్లున్నాయి, 18 కావాలి. 214ను 18తో భాగిస్తే 11.89. 1కీ 12.89కీ మధ్య యాదృచ్ఛికంగా ఒక అంకె, అనుకోండి 7.3. దానికి 11.89 కలుపుకుంటూ పోతే 7.3, 19.19, 31.08, 42.97; దశాంశం వదిలేస్తే 7, 19, 31, 42వ ఇళ్లు. అంతస్తులుగా విడగొడితే ఒక్కో అంతస్తులో విడిగా ఇదే చేయాలి.

తాళం వేసి ఉంటే పక్కింటికి వెళ్లడం పెద్ద నేరం. జీడిపిక్కల కాలంలో, అంటే మార్చి నుంచి మే దాకా, తెల్లారకముందే తోటకు పోతారు. పగలు ఇంట్లో దొరికేది ముసలివాళ్లు, ఉద్యోగస్థులు. సాయంత్రం ఆరు తర్వాత ఒకసారి, ఇంకో రోజు ఇంకోసారి వెళ్లాలి. అప్పటికీ దొరక్కపోతే కారణం రాసి, అదే అంతస్తులో ముందే తీసిపెట్టిన అదనపు ఇల్లు తీసుకోండి. ఎన్ని ఇళ్లు మార్చారో రిపోర్టులో చెప్పాలి.

ఇప్పుడు చేదు మాత్ర. 216 ఇళ్లలో 20 శాతానికి మరుగుదొడ్డి లేదని తేలిందనుకోండి. ఒకే ఊళ్లో ఇళ్లు ఒకేలా ఉంటాయి కాబట్టి దోషం పెరుగుతుంది, వ్యత్యాసం (వేరియన్స్) రెట్టింపు అవుతుందని పెట్టుకుంటే 95 శాతం నమ్మకంతో అసలు అంకె 12.5కీ 27.5కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. తలసరి ఖర్చు సగటు 5,000 వచ్చి, ఇళ్ల మధ్య తేడా (ప్రామాణిక విచలనం) సగటులో 60 శాతం ఉంటే అటూ ఇటూ 566 రూపాయలు. ఇది మూడు మండలాలకు కలిపి. కవిటికి ఇంత, మందసకు ఇంత అని విడగొడితే ఆ అంకెలకు ఊగిసలాటే తప్ప అర్థం లేదు.

నాగావళి ఒడ్డు
ఇదే నేను చెబుతున్నది! 566 అటూ ఇటూ ఊగే అంకె కోసం మూడు రాకలా? ఆరోగ్య సర్వేలాగా సామాన్ల జాబితాతో సంపద సూచీ కట్టుకుంటే ఒక్క రాక చాలు. టీవీ, ఫ్రిజ్, బండి, నేల, నీరు, దొడ్డి. తడుముకోవాల్సిందేమీ లేదు, కళ్లకు కనిపించేవే.

గోస్తనీ
సంపద సూచీ పనికొస్తుంది, కాదనను. కానీ అది రూపాయలు చెప్పదు, వరుస చెబుతుంది. ఎవరు ఎవరికన్నా పైన అన్నదే. దేశమంతటి ఇళ్లతో కట్టిన సూచీలో "అట్టడుగు ఐదో వంతు" అంటే ఒక అర్థం, మీ 216 ఇళ్లతో మీరే కట్టుకుంటే అట్టడుగు ఐదో వంతు అంటే మీ 43 ఇళ్లు, అంతే. ఊళ్లన్నీ బాగున్నా ఆ 43 ఉంటాయి, అన్నీ చితికినా ఉంటాయి.

రూపాయల లెక్క లేకుండా జాతీయ అంకెతో పోల్చాలంటే మీకు అనువైనది బహుముఖ పేదరిక సూచీలో జీవన ప్రమాణాల భాగం. అందులో ఏడు: వంట ఇంధనం, పారిశుధ్యం, తాగునీరు, కరెంటు, ఇల్లు, ఆస్తులు, బ్యాంకు ఖాతా. ఒక్కోదానికి 21లో ఒక వంతు బరువు. ఆరోగ్యం, చదువు భాగాలకు పోషకాహారం, శిశు మరణాల దాకా అడగాలి; పిల్లల ఎత్తు, బరువు శిక్షణ లేని చేతులతో కొలవొద్దు. ఆ రెండు భాగాలూ లేకుండా "బహుముఖ పేదరికం ఇంత శాతం" అని ప్రకటించకండి, ఏడు లోటులూ విడివిడిగా చూపండి.

పోల్చేటప్పుడు జిల్లా గీతలు చూసుకోండి. ఐదో ఆరోగ్య సర్వే మన రాష్ట్రంలో 2019లో జరిగింది. అందులోని శ్రీకాకుళంలో పాలకొండ, రాజాం ఉన్నాయి, విజయనగరంలో పార్వతీపురం, సాలూరు, కురుపాం ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4 తర్వాతి జిల్లాలు వేరు. ఏజెన్సీ మండలాలు విడిపోయాక విజయనగరం అంకె మెరుగుపడితే ఆశ్చర్యం ఏముంది?

చంపావతి
ఎవరిని అడగాలన్నది కూడా రాసుకోండి. ఆహారం గురించి వండే మనిషిని, సామాన్ల గురించి అవి కొన్న మనిషిని. మగవాణ్ణి పప్పు ఎన్ని కిలోలని అడిగితే గోడ వైపు చూస్తాడు. పొగాకు దగ్గర మాత్రం మగవాళ్లతో ఆగిపోవద్దు. మన తీరప్రాంతంలో పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ (నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) ఇంకా ఉంది. "ఇంట్లో చుట్ట ఎవరు కాలుస్తారు" అని పేరు పేరునా అడగకపోతే ఆ వరుస సున్నాతో వస్తుంది. మద్యం ఎలాగూ తక్కువే చెబుతారు, దాన్ని నిలదీయొద్దు.

లెక్కల మాస్టారు
ఫోన్‌లో నింపేటట్టు చేయండి, కోబో టూల్‌బాక్స్ లాంటివి నెట్ లేకపోయినా పనిచేస్తాయి. మూడు కాపలాలు పెట్టండి. ఒకటి, బియ్యం తలసరి నెలకు 4 కిలోల లోపు, 18 కిలోల పైన వస్తే ఆగి మళ్లీ అడగమనాలి. 2022-23లో దేశ గ్రామీణ ధాన్యాల వాడకం తలసరి సుమారు 9.6 కిలోలు. ఎక్కువ వస్తే కూలీల భోజనమో, బస్తా లెక్కలో పొరపాటో ఉంటుంది. రెండు, పరిమాణం, విలువ రెండూ ఇచ్చినప్పుడు కిలో ధర తనంతట తానే చూపాలి. 250 గ్రాముల మిరపకాయలు 250 కిలోలై కూర్చోవడం ప్రతి సర్వేలోనూ జరిగే వింతే. మూడు, ఏ వరుసా ఖాళీగా ముందుకు పోనివ్వకూడదు.

పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి జీపీఎస్ ఒక ఫైల్‌లో, జవాబులు ఇంకో ఫైల్‌లో. ఊళ్లో ఎవరి ఖర్చు ఎంతో ఊరివాళ్లకే తెలిస్తే రెండో రాకకు తలుపు తీయరు. పథకానికీ దీనికీ సంబంధం లేదని మొదటి వాక్యంలోనే చెప్పాలి. లేకపోతే టీవీ గుడ్డ కప్పుకుని కూర్చుంటుంది.

జాతీయ సర్వే ఇంటివారీ డేటా మైక్రోడేటా పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాంట్లోంచి మన రాష్ట్ర గ్రామీణ ఇళ్లను తీసి మీరే సగటు కట్టి, అచ్చయిన 4,870 వస్తే మీ లెక్క దారిలో ఉన్నట్టు. రాకపోతే సాధారణంగా తప్పు రెండు చోట్ల ఉంటుంది: ఇంటి గుణకం (నమూనాలోని ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే సంఖ్య) వేయకపోవడం, లేదా వేసినా దాన్ని ఇంట్లో మనుషుల సంఖ్యతో గుణించకపోవడం. ఇళ్ల సగటు వేరు, మనుషుల సగటు వేరు. పెద్ద కుటుంబాలు పేదవై ఉంటాయి కాబట్టి రెండోది తప్పితే అంకె పైకి జరుగుతుంది.

జీడితోట
అందరి మాటా కలిపి మార్చిన పథకం ఇదీ. మూడు రాకలు, పూర్తి జాబితా, పది వారాలు. ఊళ్లు మళ్లీ లాటరీ తీస్తాం. మండలాలవారీ అంకెలు వేయం. ఇల్లు, నీరు, దొడ్డి ప్రశ్నలు జాతీయ సర్వేల మాటల్లోనే. చివరి సందేహం: ఏప్రిల్ మొదటి వారంలో మొదలుపెడితే జూన్ మధ్యకు అయిపోతుంది. రాష్ట్ర సగటు పక్కన పెట్టవచ్చా ఇప్పుడైనా?

గోస్తనీ
అప్పుడు అస్సలు వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. మీ 12 ఊళ్లలో వజ్రపుకొత్తూరు తీరపు ఊళ్లు పడితే వాటి చేపల వరుస, చేతి ఖర్చు, మనుషుల సంఖ్య మూడూ ఆ రెండు నెలల లెక్కే. గుజరాత్ వెళ్లినవాళ్లు తిరిగొచ్చి ఉంటారు, పైగా అటు జీడి చేతికొచ్చే కాలం. జాతీయ అంకె ఏడాది పొడవునా, నెల నెలా ఊళ్లను మార్చి తీసింది.

నాగావళి ఒడ్డు
అయితే ఊళ్లను రెండుగా విడగొట్టండి. ఆరు ఊళ్లు ఇప్పుడు, ఆరు అక్టోబరు తర్వాత. రెండు భాగాల్లోనూ తీరపు ఊళ్లు, మెట్ట ఊళ్లు సమంగా పడాలి. కుర్రాళ్లకు పరీక్షలూ అడ్డురావు. ఏడాది లెక్క కాకపోయినా ఒక్క కాలానికి కట్టుబడి ఉండదు.

గోస్తనీ
ఇది నయం. ధరల తేడాకు గ్రామీణ వినియోగదారుల ధరల సూచీతో రెండు విడతలనూ ఒకే నెల ధరలకు తెచ్చుకోండి. అప్పుడు కూడా 4,870ను పట్టికలో కాకుండా వివరణలో ఒక వాక్యంగా రాయండి.

జీడితోట
సరే. శిక్షణకు వాడే నమూనా పత్రం ఆదివారం ఇక్కడ పెడతాను. పొందూరు పడుగు గారూ, కొలతల పేజీ మీరే ఒకసారి చూసిపెట్టాలి.

పొందూరు పడుగు
పెట్టండి. తక్కెడలు కొనేటప్పుడు 50 గ్రాముల గీతలున్నవి తీసుకోండి, 200 గ్రాముల గీతలవి మిరపకాయలకు పనికిరావు.